స్తంభానికి అవతల తులసమ్మ మేడం

ఈమధ్య ఎవరికి ఫోన్ చేసినా అవతల మోగడానికి ముందు ఒక గొంతు వినిపిస్తోంది. పోలీసులమనీ అధికారులమనీ చెప్పి వీడియో కాల్ చేసేవాళ్ళను నమ్మవద్దని ఆ గొంతు హెచ్చరిస్తుంది. కూరగాయల బండి దగ్గర నిలబడి ఇంటికి చేసినా అదే, ఆసుపత్రి నుంచి చేసినా అదే. మా డిపార్ట్‌మెంటులో అందరూ విసుక్కుంటారు. నేను మాత్రం ఫోన్ చెవికి ఆనించుకుని చివరిదాకా వింటాను. తులసమ్మ మేడం ఉంటే ఏమనేవారో అని ప్రతిసారీ అనుకుంటాను. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుందని నవ్వేవారా, ఆలస్యమైనా మొరిగాయి కదా అని సంతోషించేవారా? నాకు తెలియదు. ఆవిడ దగ్గర ఆరేళ్ళు పనిచేసి ఇంత చిన్న సంగతి చెప్పలేకపోవడం సిగ్గుగానే ఉంటుంది.

ఆవిడను ఎరగనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి మొదట్నుంచీ చెప్పాలి. తులసమ్మ మేడం తిరుపతిలో మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు. పుట్టిందీ పెరిగిందీ చంద్రగిరిలో. కోటకు పోయే దారిలో వాళ్ళ నాయనకు చిల్లర కొట్టు ఉండేది. కళ్ళతో చూసినదాన్ని సాక్షులు ఎలా గుర్తుపెట్టుకుంటారు, తమకు తెలియకుండానే ఎలా మార్చుకుంటారు అన్నదాని మీద డాక్టరేటు చేశారు. ఇంకెవరైనా అయితే ఆ డాక్టరేటును పటం కట్టించి గోడకు తగిలించి, రిటైరయ్యేదాకా అవే పాఠాలు చెప్పుకునేవాళ్ళు. ఆవిడ మాత్రం తోటివాళ్ళంతా ప్రమోషన్ల గొడవల్లో ఉన్న వయసులో ఇంటర్నెట్టులో మోసపోయినవాళ్ళ వెంట పడ్డారు. అప్పటికి ఆ చదువుకు మా వైపు పేరు కూడా లేదు. సైబర్ సైకాలజీ అని తలుపు మీద కాగితం అంటిస్తే, దాని కింద ఎవరో పెన్సిలుతో 'సెల్‌ఫోన్ దయ్యాలు వదిలించబడును' అని రాశారట. ఆవిడ దాన్ని చెరపలేదు. తర్వాత్తర్వాత పోలీసు శిక్షణలకు పిలిచారు, ఢిల్లీలో సభలకు పిలిచారు, పత్రికలవాళ్ళు నిపుణురాలు అని రాశారు. నేను చేరేనాటికీ పెన్సిలు రాత అక్కడే ఉంది.

నేను పలమనేరు పక్క పల్లెటూరి దాన్ని. పాడి మీద బతికే ఇల్లు మాది. పరిశోధనకు చేరిన మొదటి రోజు కంప్యూటరు ముందు కూర్చోబెడతారనుకుని కొత్త చుడీదారు వేసుకుని వెళ్ళాను. మేడం నన్ను కొండ బస్సులు బయల్దేరే చోటికి తీసుకుపోయారు. అక్కడ ఒక పెద్దాయన చేతిలో కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిరుమలలో గది దొరికిందని ఎవరో దొంగ వెబ్‌సైటు పెట్టి ఇచ్చిన రసీదు అది. ఆయన భార్య అరుగు మీద కూర్చుని మొహం అటు తిప్పుకుంది. నేను చదువుకున్నదాన్ని కదా, పోయిపోయి 'ఎలా నమ్మారండీ' అని అడిగాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేడం ఆయన పక్కనే చతికిలబడి, గది కోసం వెతికిన రోజు పొద్దున ఇంట్లో ఏం జరిగిందని అడిగారు. కాసేపటికి ఆయనే చెప్పుకొచ్చాడు. మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయించాలి. పోయినసారి గది దొరక్క భార్య గచ్చు మీదే కూర్చుని తెల్లార్చింది, అప్పట్నుంచి ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. నేను నోటుబుక్కులో 'కారణం: ఆశ, తొందరపాటు' అని రాసుకున్నాను. మేడం చూసి పెన్ను తీసుకుని కొట్టేశారు.

"మోకాళ్ళు అని రాయమ్మా గిరిజా. ఆశ అనేది మనం పెట్టే పేరు. ఆయన చెప్పింది మోకాళ్ళు."

ఆవిడ పని పద్ధతి అదే. ఎందుకు నమ్మావని ఎవరినీ అడగకూడదు. కథను చివరి నుంచి మొదటికి చెప్పించుకోవాలి, ఎందుకంటే ముందు నుంచి చెప్పేటప్పుడు మనిషి తనను తాను తిట్టుకుంటూ చెప్తాడు. మనం రాసుకున్నది ముందు ఆ మనిషికే చదివి వినిపించాలి, అతను సరే అంటేనే అది పరిశోధన, లేకపోతే చాడీ. వీటన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉండేది. ఒకసారి మోసపోయినవాణ్ణి మంచి కోసమైనా సరే మనం ఇంకోసారి మోసం చేయకూడదు. అబద్ధం చెప్పి నిజం రాబట్టకూడదు. దీని మీద పోలీసు శిక్షణల్లో ఆవిడకు పెద్ద పెద్ద అధికారులతో వాదాలు జరిగేవి. నాకు మాత్రం ఆవిడతో వేరే చిక్కు. ఏది అడిగినా 'తెలీదమ్మా' అనేవారు. ఇంత పేరున్న మనిషి, ప్రతిదానికీ తెలీదంటే నేను ఏం రాసుకోవాలి? ఆవిడకు నిజంగా తెలియదా, నన్ను ఆలోచించమంటున్నారా అన్నది ఆరేళ్ళలో ఒక్కనాడూ తేలలేదు.

ఇక మా నాయన సంగతి. నాయన నోట్లో నువ్వుగింజ నానదు. పాల కేంద్రంలో విన్నది ఇంటికి వచ్చేలోపల నలుగురికి చెప్పి వచ్చే మనిషి. అలాంటివాడు మాట్లాడడం మానేశాడని అమ్మ ఫోన్ చేసింది. నేను వెళ్ళి బ్యాంకు పుస్తకం చూస్తే అంతా ఊడ్చేసి ఉంది. ఇప్పుడు ఫోన్‌లో మోగే ఆ హెచ్చరిక అప్పటికి లేదు, ఆ రకం మోసానికి పేరు కూడా సరిగ్గా పెట్టలేదు. నేను చదువుతున్నది దాన్నే కాబట్టి చూడగానే అర్థమైంది. ఎవరో పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి, నీ ఆధార్ మీద ఏదో నేరం జరిగింది, అరెస్టు చేస్తాం అని బెదిరించి ఉంటారు. కానీ ఎవరు, ఎన్నిసార్లు, ఏ నంబరు నుంచి, ఇంకా ఏమేం అడిగారు? నాయన చెప్పడు. తిండి సగం మానేశాడు. ఆవులను పితికేటప్పుడు కూడా ఎవరో వింటున్నట్టు చుట్టూ చూసుకుంటున్నాడు. పురుగుల మందు డబ్బాను అమ్మ నాతో కూడా చెప్పకుండా పక్కింట్లో దాచింది.

ఎంత బతిమాలినా నాయన ఒక్కటే మాట చెప్పాడు. ఎవరితోనూ చెప్పనని కాణిపాకం స్వామి మీద ఒట్టు పెట్టాడట. ఫోన్‌లో ఉన్నవాళ్ళలో ఒకడు మన యాసే మాట్లాడేవాడట, వాడు పెట్టించుకున్నాడు. చిత్తూరు జిల్లా బయటివాళ్ళకు దీని బరువు తెలియకపోవచ్చు. మా దగ్గర గట్టు తగాదా వచ్చినా, పుస్తెలతాడు పోయినా, పెద్దమనుషులు చివరికి అడిగేది 'కాణిపాకం వస్తావా' అని. అక్కడికి పోయి స్నానం చేసి తడిబట్టలతో స్వామి ముందు ప్రమాణం చేయాలి. కోర్టులో నిలబడి అబద్ధం చెప్పగలిగినవాడు కూడా స్వామి శిక్షిస్తాడన్న భయంతో అక్కడ చెప్పడు. సగం తగాదాలు ఆ ప్రశ్న దగ్గరే తెగిపోతాయి. ఆ దొంగవెధవకు ఇదంతా తెలుసు. నేను మాత్రం నా చదువంతా ఉపయోగించి నాయనతో వాదించాను. దొంగకు ఇచ్చిన మాట మాటే కాదు, అది చెల్లదు అన్నాను. నాయన తల అడ్డంగా ఊపాడు.

"దొంగకు ఇయ్యలేదు గదా పాపా. సామికి ఇచ్చినా."

ఆ మాట మోసుకుని తిరుపతికి వచ్చి మేడం ముందు కూర్చుని ఏడ్చాను. మా నాయనను మాట్లాడించండి, ఎట్లయినా సరే, అన్నాను. 'ఎట్లయినా సరే' అన్న మాట నేనే అన్నాను, అది మర్చిపోకూడదు. ఆవిడ ఆ శనివారం బస్సెక్కి మా ఊరికి వచ్చారు. కొట్టంలో నులకమంచం మీద కూర్చుని గంటసేపు నాయనతో ఆవుల గురించే మాట్లాడారు. ఏ ఆవు ఎన్ని ఈతలు ఈనింది, ఏది తంతుంది, పలమనేరు చలికి దూడలకు గోనెసంచులు కప్పుతారా అని. నాయన ముక్తసరిగా అయినా జవాబులు చెప్పాడు. అప్పుడు మేడం, ఒట్టు సంగతి నాకు తెలుసునన్నా, దాన్ని తప్పమని నేను చెప్పను అన్నారు. నాయన తలెత్తాడు. ఆవిడ మాట కొనసాగించారు.

"ఎవురికీ చెప్పననింది మనుసుల సంగతి గదా. సామికి చెప్పుకోగూడదని లేదు గదన్నా?"

నాయన ఆలోచించి లేదన్నాడు. అయితే పోయి ఆయనకే చెప్పుకో, మొయ్యలేని బరువు ఆయన ముందరే దించు, మేమిద్దరం తోడు వస్తాం, అన్నారు మేడం. మరుసటి రోజు పొద్దున ముగ్గురం చిత్తూరు మీదుగా కాణిపాకం వెళ్ళాం. ఆవిడ మనసులో ఏముందో నాకు చెప్పలేదు. భయం తగ్గితే నాయన తనంతట తానే నోరు విప్పుతాడని ఆవిడ ఉద్దేశం కాబోలు అనుకున్నాను. నాయన స్నానం చేసి తడి పంచెతో దర్శనానికి వెళ్ళాడు. లైనులో నిలబడనివ్వరు కదా, దండం పెట్టేలోపలే ముందుకు తోశారు. బయటికి వచ్చి, మండపంలో జనం లేని చోటు చూసుకుని, గర్భగుడి వైపు తిరిగి ఒక స్తంభం దగ్గర కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని పెదాలు కదపడం మొదలుపెట్టాడు. ముందు సణుగుడు, తర్వాత మాటలు. అప్పుడు చూశాను, మేడం చెప్పుల్లేని కాళ్ళతో నెమ్మదిగా నడిచి ఆ స్తంభానికి అవతల కూర్చున్నారు. వీపు నాయన వైపు పెట్టి, ఒళ్ళో కొబ్బరిచిప్ప పెట్టుకుని, అందరిలాగే ప్రసాదం తింటున్న ముసలమ్మలాగా.

నేను ఆపి ఉండవచ్చు. 'నాయనా' అని ఒక్క పిలుపు పిలిస్తే చాలు. పిలవలేదు. పైగా అటువైపు వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళను దారి అడిగినట్టు నటించి వేరే వైపు మళ్ళించాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని. నాయన చాలాసేపు చెప్పుకున్నాడు. ఒకసారి చేతులతో మొహం కప్పుకున్నాడు. మేడం కొబ్బరి కొరకడం మానేసి అలాగే కూర్చున్నారు. అయ్యాక ఆవిడ ముందు లేచి, కాళ్ళు కడుక్కునే కుళాయిల దగ్గరికి వచ్చి, నన్ను పక్కకు పిలిచి వరసగా చెప్పారు. సాక్షుల జ్ఞాపకం మీద చదువుకున్న మనిషి, ఒక్క అక్షరం తప్పిపోలేదు. వాళ్ళు నాయన చేత రెండో ఫోను కొనిపించారు. అది వామిలో గడ్డి కింద ఉంది. రోజూ పొద్దున అందులో హాజరు చెప్పాలి. వచ్చే సోమవారం, అంటే ఆ మరుసటి రోజే, పొలం కాగితాలు తీసుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోవాలి. పోకపోతే తిరుపతిలో చదివే కూతురిని అరెస్టు చేస్తామన్నారు. అంటే మోసం అయిపోయిందని నేను అనుకుంటున్న రోజుల్లో కూడా అది నడుస్తూనే ఉంది. నాయన అంత భయపడింది నా కోసమని అప్పుడు తెలిసింది.

ఇంటికి పోగానే ఆవులకు గడ్డి లాగే సాకుతో వామిలో చెయ్యి పెట్టాను. ఫోన్ దొరికింది. అనుకోకుండా దొరికినట్టే నటించాను, ఇంకో అబద్ధం. నాయన ఆ ఫోన్‌ను చూసి, నన్ను చూసి, 'సరేలే' అన్నాడు, అంతే. నంబర్లన్నీ దానిలోనే ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు నేనే ఇచ్చాను. సోమవారం నాయన ఎక్కడికీ పోలేదు. పోయింది తిరిగి రాలేదు కానీ పొలం మిగిలింది, మనిషి మిగిలాడు. రెండు వారాలకు పాల కేంద్రంలో మళ్ళీ ఆయన గొంతే అందరికంటే పెద్దగా వినపడుతోందని అమ్మ చెప్పింది. నేను మేడం కాళ్ళకు మొక్కాలన్నంత సంతోషంలో ఉన్నాను. ఆవిడ మాత్రం, ఆ ఆదివారం సాయంత్రమే మేమిద్దరం తిరుపతికి తిరిగి వస్తున్న బస్సులో, చిత్తూరు దాటగానే నా వైపు తిరిగారు.

"వానికీ నాకూ తేడా ఏముండాది గిరిజా? దేవుణ్ణి అడ్డం పెట్టి వాడు నోరు మూసినాడు. అదే దేవుణ్ణి అడ్డం పెట్టి నేను తెరిచినా."

వాడు ముంచడానికి చేశాడు, మీరు గట్టెక్కించడానికి చేశారు అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, నీ మంచికే చెప్తా ఉండా అనే కదా వాడు కూడా మీ నాయనతో అనింది, అన్నారు. నాకు కోపం వచ్చింది. మా నాయన బతికాడు, ఆవిడేమో నియమం గురించి బాధపడుతున్నారు. కానీ ఆ కోపం కింద ఇంకేదో గుచ్చుకుంటూనే ఉంది. ఒట్టు తప్పలేదన్న నమ్మకంతో మా నాయన హాయిగా నిద్రపోతున్నాడు, ఆ నమ్మకం మేము చేసి పెట్టిన బొమ్మ. దాన్ని మేలు అనాలా?

నేను చేసిన తప్పు ఇంకొకటుంది. నాయన కథను పేరు మార్చి నా థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాసేశాను. ఒట్టును తాళంలాగా ఎలా వేస్తారు, ఎలా తీయవచ్చు అని. రాస్తున్నప్పుడు గర్వంగా ఉంది, అలాంటి కేసు ఎవరి దగ్గరా లేదు. మేడం అది చదివి, మీ నాయనకు వినిపించావా అని అడిగారు. లేదన్నాను. వినిపించి రా, ఆయన సరే అంటే ఉంచుదాం, అన్నారు. ఎలా వినిపించను? స్తంభానికి అవతల ఎవరున్నారో చెప్తే ఒట్టు తప్పినట్టు ఆయనకు తెలిసిపోతుంది. వినిపించకపోతే అది చాడీ. పది రోజులు ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని తిరిగి, చివరికి నేనే తీసేశాను. కేసులు తక్కువగా ఉన్నాయని పరీక్షకులు ఒక మాట రాసి డిగ్రీ ఇచ్చారు.

మేడం ఆ తర్వాత మోసపోయినవాళ్ళతో మాట్లాడడం మానేశారు. పాఠాలు చెప్పేవారు, పోలీసు శిక్షణలకు వెళ్ళేవారు, మోసపోయినవాళ్ళెవరైనా ఆవిడ గది వెతుక్కుంటూ వస్తే మాత్రం నా దగ్గరికి పంపేవారు. దేశంలో ఆ పని తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది, వాళ్ళలో ఒకరు చెయ్యి కడిగేసుకుంటే ఎలా అని ఒకరోజు నేను గట్టిగానే అడిగాను. ఆవిడ తిట్టలేదు. కాణిపాకంలో అది అంత సులువుగా పనిచేసింది కాబట్టే భయంగా ఉందమ్మా, చేతికి అలవాటైపోతాదేమో, అన్నారు. రిటైరయ్యాక చంద్రగిరి వెళ్ళిపోయారు. ఇది వైరాగ్యమా, పొగరా, శిక్షా అని నేను ఎన్ని విధాలుగా ఆలోచించినా ఒక్కో రోజు ఒక్కోలా అనిపించేది.

పోయిన ఏడాది ఆవిడకు జబ్బు చేసింది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా నా ఉద్యోగం గురించి అడిగేవారు కాదు. మీ నాయన బాగుండాడా అనేవారు. బాగున్నాడంటే, ఏమైనా అన్నాడా అని అడిగేవారు. లేదు మేడం అనేదాన్ని. ఆ మధ్య నాయన కొట్టంలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, కట్టు కట్టించుకుంటూ ఏం తప్పు చేసినానో అని గొణిగాడు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఏమైనా అన్నాడా అన్న ప్రశ్నతోనే ఆవిడ పోయారు.

కర్మ రోజున నాయన పలమనేరు నుంచి ఒక్కడే బస్సులో చంద్రగిరికి వచ్చాడు. భోజనాలయ్యాక వాకిట్లో అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్ళు దాచిందంతా కక్కేశాను. ఆ రోజు నువ్వు స్వామికి చెప్పుకుంటుంటే మేడం స్తంభం వెనక కూర్చుని విన్నారు, నేను చూస్తూ ఊరుకున్నాను, నీ ఒట్టు మేమిద్దరం తప్పించాం, ఆ బాధతోనే ఆవిడ పని మానుకున్నారు అన్నాను. నాయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నాకు తెలుసు పాపా. ఆ యమ్మ స్తంభం ఎనక్కి పోతా ఉంటే సూసినా. లేకుంటే ఫోను వామిలో ఉండాదని, సోమారం పోవల్లని సామికి నేను చెప్పాల్నా? ఆయనకు తెలీదా?"

నేను ఏడుపు ఆపి ఆయన మొహంలోకి చూశాను. మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే ఒట్టు తప్పినట్టు ఒప్పుకోవాలి కదా అన్నాడు. మరి ఇప్పుడెందుకు చెప్పావంటే, తప్పింది నేను, ఆ యమ్మ కాదు, నువ్వు ఊరికే ఏడ్వద్దు, అని లేచి చెప్పులు వేసుకున్నాడు. బస్సుకు టైమవుతోందన్నాడు.

ఆయన చెప్పినది నిజమే అయి ఉండాలి. దేవుడికి వామి గుర్తు చెప్పేవాడు ఎవడుంటాడు? కానీ సాక్షులు ప్రేమ కోసం కూడా జ్ఞాపకాన్ని మార్చుకుంటారని, మార్చుకున్న సంగతి వాళ్ళకే తెలియదని నాకు నేర్పింది ఆవిడే. ఆ రోజు నిజంగా చూశాడో, అరుగు మీద కూతురు ఏడుస్తుంటే ఆ పాపాన్ని అప్పటికప్పుడు తన తలకెత్తుకున్నాడో నేను తేల్చుకోలేకపోతున్నాను. ఇప్పుడు డిపార్ట్‌మెంటులో ఆవిడ గదిలో నేనే కూర్చుంటాను. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఎదుట కూర్చుంటారు. వాళ్ళు చెప్పేది వింటూనే మనసులో ఆవిడకు జవాబు చెప్పుకుంటూ ఉంటాను. అన్నాడు మేడం, మా నాయన అన్నాడు. నమ్మాలో వద్దో మాత్రం మీరే చెప్పాలి.